మూడు అతుకులు

వేలంపాటలో దాన్నెవరూ అడగలేదు.
తుప్పుపట్టిన పారల కట్టతో కలిపి
ఇరవై డాలర్లకి నా నెత్తిన వేశారు.
పారల కోసమే చెయ్యెత్తానని స్లావ్‌కాతో చెప్పాను.
ఆమె నమ్మలేదు,
పారలవైపు చూడనూ లేదు.

పాయింట్ టూ టూ. ఒంటి తూటా రైఫిలు.
ఒకప్పుడు కేటలాగు చూసి ఉత్తరం రాస్తే
విత్తనాల బస్తాలతో పాటు రైల్లో దిగేది.
గోధుమ చేలల్లో నేల ఉడతల్ని కొట్టడానికి పుట్టింది,
యుద్ధం ముఖం ఎరగదు.
గోడకి తగిలించి ఎవరూ గొప్ప చెప్పుకోరు.

సాస్కచెవాన్‌లో జనవరి. బయట మైనస్ ముప్పై రెండు.
బేస్‌మెంట్‌లో ఫర్నేసు మూలుగుతుంటే
బల్ల మీద పాత దుప్పటి పరిచి విప్పాను.
ఒక మరకి తల అరిగిపోయి ఉంది:
సరిపడని స్క్రూడ్రైవర్‌తో
నాలాంటివాడెవడో కోపం తీర్చుకున్న గుర్తు.

గొట్టంలోకి నూనెగుడ్డలు తోశాను.
మొదటిది నల్లగా, రెండోది ఇటుకరంగులో,
తొమ్మిదోది పాలు పొయ్యని టీలా వచ్చింది.
పదహారో గుడ్డ తర్వాత లైటు పెట్టి చూశాను.
లోపలి చాళ్ళు అరిగినా
మెలి తిరుగుతూ వెలుగువైపే పోతున్నాయి.

సన్నటి ఉక్కుపీచు, నూనె, బొటనవేలు.
గట్టిగా రుద్దితే తుప్పుతో పాటు
కింద మిగిలిన నీలం కూడా పోతుంది.
ఆ నీలం నాకు కావాలి,
అక్కడక్కడే అయినా సరే,
సాస్కటూన్ పళ్ళు తిన్న పిల్లల నాలుకలా.

పిన్ను బయటికి తీస్తే నవ్వొచ్చింది.
ఫ్యాక్టరీది కాదు, నాడా కొట్టే మేకు!
ఈ తూటాకి నడినెత్తిన దెబ్బ పనికిరాదు,
అంచు మీద తగలాలి, మందుండేది అక్కడే.
ఆ అంచు దొరికేదాకా
ఎన్ని రాత్రులు ఆకురాయి పట్టాడో
చేతిలో డబ్బుల్లేని ఆ మనిషి.
కొత్త పిన్ను నా సొరుగులో ఉంది.
అక్కడే ఉండనిచ్చాను.

ఇక కర్ర.
వార్నీషు గీకుతుంటే మడమ దగ్గర ఒక గీత.
పగులనుకుని జిగురు సీసా తీశాను.
పగులు ఇంత తిన్నగా ఉండదు,
రంపం కోత అది.
కోసినచోట వేరే చెక్క అతికారు.
దాని వెనక ఇంకో గీత, ఇంకో చెక్క.
ఆ వెనక మరొకటి.
అసలు మడమ బర్చి. మొదటి అతుకు యాపిల్ పెట్టెది,
అచ్చు వేసిన అక్షరం సగం ఇంకా కనబడుతోంది.
రెండోది ఏ కుర్చీ కాలో.
మూడోది మాత్రం దుకాణంలో కొన్న వాల్‌నట్.

చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
ఒక చిన్న భుజం కోసం కోశారు.
భుజం ఎదిగింది, వేలెడు అతికారు.
ఇంకా ఎదిగింది.
పిల్లల పొడుగు గుమ్మానికి గీసేవాళ్ళుంటారు.
ఆ ఇంట్లో తుపాకీకి గీశారు.
వాల్‌నట్ నాటికి పంట పండి ఉండాలి,
లేదా పిల్లాడే మొదటి జీతంతో కొని ఉండాలి.
పిల్లాడని ఎందుకనుకున్నానో!
మా ఇంట్లో నాకంటే గురి
అక్క ఒలేనాది.

స్లావ్‌కా తన ఇస్త్రీపెట్టె వెతుక్కుంటూ దిగొచ్చింది.
తడిగుడ్డ మీద దాన్ని ఆనించి
చెక్క నొక్కుల్ని ఆవిరితో లేపుతున్నాను.
బిల్లులు చూసి,
"తుపాకీకంటే దాని తలంటుకే ఎక్కువైంది" అంది.
నొక్కులు లేచాయి. గీతల జోలికి పోలేదు.
అవిసెనూనె ఏడు పూతలు.
పూతపూతకీ గీతలు ఇంకా నల్లబడ్డాయి.

ఏప్రిల్లో మంచు కరిగి కంచె బయటపడింది.
గుంజ మీద బీన్స్ డబ్బా పెట్టి
రైఫిలు భుజానికి ఆనించాను.
వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందలేదు.
భుజం ఆపరేషన్ తర్వాత
నా చొక్కాల చేతులన్నీ పొడుగైపోయాయి,
ఆ సంగతి మర్చిపోయాను.

వెనక్కొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.
వాల్‌నట్ ముక్కకి జిగురు లేదు,
రెండు మరలే.
విప్పి, తుడిచి, మేకుల సీసాలో వేశాను.

నాలుగో తూటాకి డబ్బా ఎగిరింది.
మొదటి మూడూ ఎటు పోయాయని
స్లావ్‌కా అడగలేదు.